సీతవ్వ ఇంటి బోరింగ్

మా గల్లీల పొద్దుగూకినంక సీతవ్వ ఇంటి బోరింగ్‌ను ఎవలూ ముట్టరు. ముట్టితే... చెయ్యి పట్టుకుంటది.

పగటిపూట ఏం జేయది. ఎండల నిలవడ్డ పాత చేతిపంపు, గంతే. పిడి అరిగి అరిగి నున్నగయి మెరుస్తది. బడికి పోయే పిల్లలు కొట్టుకొని తాగుతరు. మేకలు కింది మడుగుల మూతి పెడ్తయి.

రాత్రయిందంటే మాత్రం ఆ దిక్కు సూడరు.

మాది ఆర్మూర్ల మార్కెట్ యార్డ్ ఎనకాల గల్లీ. పసుపు సీజన్ల మా దగ్గర గాలి సుత పచ్చగనే ఉంటది. ఆరేసిన బట్టలు పచ్చగ, పిల్లి మీసాలు పచ్చగ. గసోంటి గల్లీల ఒక్కతే బీడీలు చేసుకుంట బతికింది సీతాబాయి. మేమందరం సీతవ్వ అంటం. పోయినేడు బతుకమ్మ పండుగ ముంగట ఒకనాడు తెల్లారేసరికి గా బోరింగ్ పక్కన పానం లేకుంట కనవడ్డది. దవాఖానల గుండె ఆగిందన్నరు. గల్లీల మాత్రం, నీళ్ల దూప తీరకుంట పోయింది, అందుకే ఇంకా నీళ్లు కొట్టే చెయ్యి కోసం సూస్తుంది అన్నరు.

ఇల్లుకు తాళం పడ్డది. ప్రహరి గోడ ఒకదిక్కు కూలి ఉంటది, లోపటికి అల్కగ పోవచ్చు.

ముందుగాల చెయ్యి పట్టింది భూమేష్‌ది. యార్డ్‌ల హమాలి పని చేస్తడు. బస్తాలు మోసి మోసి, కాళ్లు చేతులు పసుపుతోని నిండి, పెద్ద రాత్రి ఇంటికి పోతుండు. కాళ్లు కడుక్కుందామని వంగిండు. ఒక చెయ్యి పిడి మీద ఏసిండు...

చెప్పులు గాడనే ఇడిసి ఉరికిండు.

"సల్లగ లేదు, వెచ్చగ లేదు," అన్నడు తెల్లారి. "నా వేళ్ల సందుల వేళ్లు పెట్టినట్టయింది. ఇడిపించుకుందామంటే ఇంక గట్టిగ పట్టింది. దూరంగ పాట వస్తుండె... పాట ఇనుకుంట పట్టింది."

నాకు గా మాట మనసుల పడ్డది. పాట ఇనుకుంట చెయ్యి పట్టుకునే దెయ్యం. నిద్ర రాని రాత్రిళ్లు కిటికీల నుంచి గా కూలిన గోడ దిక్కే చూసేదాన్ని. భయమయ్యేది, కండ్లు మాత్రం మళ్లకపోయేటియి.

గిప్పుడు నేను చెప్పేది జ్యోత్స్న వదినె నాకు చెప్పింది. ఇద్దరం ఒళ్లె చాటలు పెట్టుకొని బీడీలు చేస్తుంటే చెప్పింది. చెప్పుకుంట మధ్యల ఎన్నిసార్లు ఆకు చింపిందో.

వదినె పెనిమిటి శ్రావణన్న. సీతవ్వ ఇంటికి వాళ్ల ఇంటికి నడుమ ఒక్క గోడే. పగలంత బస్టాండ్ దగ్గర సెల్‌ఫోన్లు రిపేర్ చేస్తడు. రాత్రి ఇంటికొచ్చి పాటల సెట్టు ముంగట కూసుంటడు. కొన్న సెట్టు గాదు, సొంతంగ కట్టుకున్న ఆంప్లిఫైయర్. పాత ఇన్వర్టర్ల నుంచి తీసిన ట్రాన్స్‌ఫార్మర్, వేడి పోనీకె అల్యూమినియం రెక్కలు, మందు సీసాలంత కెపాసిటర్లు. పైన కర్ర పెట్టె, నునుపు పట్టి వార్నిష్ ఏసింది.

"దుకాన్ల దొరుకుతయి గదా," అంటే, "కొన్నదాంట్ల పాట ఒక్కటే నాది. గిందుట్ల పాట రాకడ గూడ నాదే," అనేటోడట.

పూర్తయిందన్న మాట లేదు. ఇయ్యాల రెండు ట్రాన్సిస్టర్లు ఎక్కువ ఏస్తడు, రేపు వైరు మందంది మారుస్తడు. గట్ల మార్చుకుంట మార్చుకుంట పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినంక పాట కింద ఒక సప్పుడు మొదలయింది. హమ్మ్... అని. పాట ఆగినా అది ఆగది.

ఆ హమ్ పోవాల్నంటే సెట్టుకు ఎర్త్ ఇయ్యాలె, అంటే ఒక వైరును భూమిల కలుపాలె. కిరాయి ఇంట్ల ఎర్త్ యాడిది? శ్రావణన్న చూపు గోడ అవుతలికి పోయింది. బోరింగ్. ఇనుప గొట్టం సీదా నీళ్లల్లకు దిగి ఉంటది, దానికన్న మంచి ఎర్త్ ఏముంటది అనుకున్నడు.

సీతవ్వ అప్పటికి బతికే ఉన్నది. అడిగిండు.

"నీ డబ్బకు సుత దూపయితుందా?" అన్నది సీతవ్వ. "కట్టుకో పో. గని జర మెల్లగ వెయ్యి. నీ సప్పుడుకు చాటల తునికాకు ఎగురుతుంది."

గోడ మీదికెళ్లి వైరు ఏసి, బోరింగ్ మెడకు బిగించిండు. హమ్ పోయింది. వదినెను పిలిచి, "ఇను," అన్నడట.

"ఏం ఇనాలె? ఏం లేదు గదా."

"గదే."

గా సంబురంల నెల్లాళ్లు తేలిండు. గోడ మీద కాకరతీగ పాకి వైరు కనవడకుంటయింది. వైరు సంగతే మరిశిపోయిండు.

ఒకనాడు సీతవ్వ గోడ మీదికెళ్లి అన్నది — "శ్రావణ్, గీ బోరింగ్ నా చెయ్యి జివ్వుమనిపిస్తుంది రా."

"గిన్నేండ్లు బీడీలు సుట్టినవ్ సీతవ్వా," అని నవ్విండు శ్రావణన్న. "వేళ్లు తిమ్మిరెక్కయా మరి?"

ఆమె గూడ నవ్వింది. "గంతే కావచ్చు," అన్నది.

తర్వాత కొన్నాళ్లకే పోయింది.

భూమేష్ చెప్పులిడిసి ఉరికినంక బోరింగ్ పిడికి నిమ్మకాయలు కట్టిన్రు. గేటుకు మేకులు కొట్టిన్రు. పిల్లలు తాళం పడ్డ తలుపు మీదికి రాళ్లిసురుడు షురూ చేసిన్రు. సీతవ్వ చేతుల జిలేబీ తిన్న పిల్లలే... శ్రావణన్న నవ్వేటోడు. దెయ్యం లేదు, గియ్యం లేదు అనేటోడు.

ఒక రాత్రి ఆంప్‌ల కొత్తగ ఏదో మార్చిండు. పాట పెట్టి బయటికి నడిచిండు. సెట్లు కట్టేటోళ్లకు గది అలవాటు. దగ్గర కూసుంటే తెల్వదంట, దూరం పోయి ఇంటేనే బేస్ ఎట్లున్నదో ఎరుకయితదంట. నడుసుకుంట కూలిన గోడ దాటి సీతవ్వ వాకిట్లకు పోయిండు.

ఎన్నెల ఉండె. యార్డ్ దిక్కుకెళ్లి పసుపు వాసన. పాట మంచిగ వస్తుంది... గంత దూరానికి గూడ ఒక్కొక్క దెబ్బ వేరేగ వినవస్తుంది. చేతులకు సోల్డరింగ్ జిగురంటుకొని ఉండె. బోరింగ్ దగ్గరికి పోయిండు. పగలు పిల్లలు కొట్టిన నీళ్లు, కింద ఇంక తడిగనే ఉంది. చెప్పులు పక్కకు ఇడిసి, తడిల నిలవడి, పిడి మీద చెయ్యేసిండు.

చెయ్యి పట్టుకున్నది.

భూమేష్ చెప్పినట్టే. వేళ్ల సందుల వేళ్లు... మోచెయ్యి దాక పాకింది. అరుద్దామంటే నోరు పెగల్లె. పిడి ఇడుస్తలేదు. పాట మాత్రం గంత మంచిగ వస్తనే ఉంది.

సీతవ్వా... అన్నడు మనసులనే. నన్నెందుకు పట్టుకున్నవ్...

గప్పుడు — ఇడిసింది.

ఎనుకకు పడ్డడు. పడ్డ తర్వాత పాట మెల్లగయింది. గొంతు దిగిపోయి దిగిపోయి, సాగి... ఆగిపోయింది.

శ్రావణన్న నేల మీద కూసొని అట్లనే ఉండిపోయిండు. ఎందుకంటే గా సాగుడు ఆయనకు ఎరుక. స్విచ్ బంద్ చేసినా పాట వెంటనే ఆగది. పెద్ద కెపాసిటర్లల్ల మిగిలిన కరెంటుతోని ఇంకో రెండు మాటలు పాడి అప్పుడు ఆగుతది. అంటే ఇంట్ల ఎవలో స్విచ్ బంద్ చేసిన్రు. స్విచ్ బందయిన ఘడియల్నే... చెయ్యి ఇడిసింది.

ఇంటికి ఉరికిండు. వదినె స్విచ్ దగ్గర నిలవడి ఉంది.

"ఎవలు బంద్ చేసిన్రు?"

"నేనే. అందరు పండుకున్నరు, సప్పుడేంది గింత—"

"మల్ల వెయ్యి," అన్నడు గుసగుసగ. "నేను సైగ చేస్తే బంద్ చెయ్యి."

టెస్టర్ పట్టుకపోయిండు. కరెంటు ఉంటే లోపట చిన్న బుగ్గ వెలిగే స్క్రూడ్రైవర్ అది. వదినె ఆంప్ ఏసి గోడ దగ్గరికొచ్చి తొంగి చూసింది. శ్రావణన్న టెస్టర్ మొన బోరింగ్‌కు ఆనిచ్చిండు.

ఎర్రగ వెలిగింది. గంత చీకట్ల... ఒక్క చిన్న ఎర్ర కన్ను.

చెయ్యి ఊపిండు. వదినె పోయి బంద్ చేసింది. కన్ను మూసుకున్నది.

"మల్ల," అన్నడు.

మల్ల తెరుసుకున్నది.

తెల్లారకముందే బోరింగ్ అడుగు తవ్విండు. మీద రెండు జానల ఇనుము. దాని కింద ప్లాస్టిక్ పైపు. వైరు కట్టినంక ఎన్నడో, ఆయన దుకాన్ల ఉన్నప్పుడు, గొట్టం కరాబయితే కింది భాగం మార్చిన్రు, ఆయనకు తెల్వదు. పాత ట్రాన్స్‌ఫార్మర్ లోపలి తీగ పొర ఊడి, కరెంటు దాని ఇనుముకు దిగి, వైరెంబడి బోరింగ్‌ల చేరింది. ఇనుము నీళ్ల దాక ఉంటే భూమిలకు పోతుండె. ప్లాస్టిక్ అడ్డం పడి పోలేక, పిడిల్నే ఆగి కూసున్నది. ఎవల చెయ్యన్న వస్తదా అని.

వైరు కోసేసిండు. ఆంప్ ఇప్పి ముక్కలు ముక్కలు చేసిండు.

గని ఒక సంగతి మాత్రం మనసుల ముల్లు లెక్క ఉండిపోయింది. సీతవ్వ పోయిన రాత్రి సెట్టు ఏసిండా, ఎయ్యలేదా? ఎంత యాది చేసుకున్నా గుర్తుకు రాలె. రోజు ఏస్తడు. గా రోజు గూడ ఏసే ఉంటడు... జివ్వుమంటుంది రా అని చెప్పింది గదా. నవ్విండు గదా.

అన్నం సయించలె. రాత్రి లేచి కూసుండెటోడు. వదినె ఒకటే అడిగేది.

"చెప్పవా ఎవలకు?"

"చెప్తే ఏమంటరు? చంపిండు అంటరు."

"ఏమన్న అననీ. ఆమెను దెయ్యం అనుడు ఆపుతరు గదా," అన్నది వదినె. "పోరగాండ్లు ఆమె తలుపు మీదికి రాళ్లిసురుతున్నరు. నాకు గది చూడబుద్ధి అయితలేదు."

మర్నాడు ఆటో ఎక్కి నందిపేట్ పోయిండు. సీతవ్వ చెల్లె లసుమవ్వ గాడుంటది. సీతవ్వ పోయిన రాత్రి గూడ ఆమెనే తోడున్నది, అక్కకు జరమొస్తే చూసుకుందామని వచ్చి.

లసుమవ్వ వాకిట్ల మక్కలు ఎండబోస్తుంది. శ్రావణన్న నిలవడే మొత్తం చెప్పిండు. వైరు, బోరింగ్, టెస్టర్. నవ్విన సంగతి సుత. చెప్పినంక, "నేనే చంపిన్నేమో లసుమవ్వా," అన్నడు.

ఆమె మక్కలు నెరిపే చెయ్యి ఆపలె.

"గా రాత్రి కరెంటు యాడిది బిడ్డా," అన్నది. "పొద్దుగూకక ముందే గాలివాన. స్తంభాలు వంగినయి. తెల్లారి పీనుగ లేసెదాక రాలె కరెంటు. నీ డబ్బ గా రాత్రి సచ్చిపడి ఉండె."

శ్రావణన్న మక్కల పక్కన కూలవడి చిన్న పోరగాని లెక్క ఏడ్చిండట.

మర్నాడు పొద్దుగాల గల్లీల అందరిని పిలిచి చెప్పిండు. టెస్టర్, కోసిన వైరు, ప్లాస్టిక్ పైపు అన్ని చూపెట్టిండు. మీ చేతులు పట్టింది సీతవ్వ గాదు, నా వైరు. ఆమెను చంపింది గూడ నా వైరే. తప్పు నాది. ఆమెను ఇంకో మాట అనకున్రి అన్నడు. భూమేష్ పోయి నిమ్మకాయలు తెంపేసిండు. కొందరు శ్రావణన్నను తిట్టిన్రు. కొందరు ఆనాటిసంది మాట్లాడుతలేరు. దుకాన్‌కు గిరాకీ తగ్గింది.

వదినెకు మనసు ఒప్పలె. గా రాత్రి పక్కల అడిగింది.

"లసుమవ్వ కరెంటు లేదన్నది గదా. చంపింది నా వైరే అని ఎందుకు మీదేసుకున్నవ్?"

శ్రావణన్న పైకప్పు దిక్కు చూసుకుంట పండుకున్నడు. మెల్లగ అన్నడు.

"కరెంటు లేదంటే, మరి ఆమెను పట్టింది ఏంది అని అడుగుతరు. నేను లేచి వస్తుంటే లసుమవ్వ ఎనుకకెళ్లి పిలిచింది. దగ్గర కూసోబెట్టుకొని, ఇంకో మాట చెప్పింది."

లసుమవ్వ చెప్పిందట...

"అక్క నీళ్లకని పోయి ఎంతకూ రాకపాయె. బ్యాటరీ లైటు పట్టుకొని నేను పోయిన. వానల నిలవడి ఉన్నది బిడ్డా, పిడి పట్టుకొని. పిలిస్తే పలుకలె. ముట్టుకుంటే ఒళ్లంత సల్లగ... పానం ఎప్పుడో పోయింది. గని పడలె. వేళ్లు ఇప్పుదామని చూసిన. ఒక్కటి రాలె. గట్ల ఎంతసేపు గుంజిన్నో. ఆఖరుకు నాకు ఏడుపొచ్చి, ‘ఇడువు’ అన్న. ఇడిసింది. అక్క వచ్చి నా మీద పడ్డది. కింద పండవెట్టి, గిట్ల పడి ఉండె అని అందరికి చెప్పిన."

అని, మక్కల దిక్కు చూసుకుంట, గొంతు తగ్గించి అన్నదట —

"‘ఇడువు’ అని నేనన్నది అక్కను గాదు బిడ్డా."