ముషిన్ గోడ మీద సగం సగం

ముందురోజంతా తాను తెల్లరంగు పూసి ఆరబెట్టుకున్న గోడ మీద ఒక పేద్ద ముక్కు కనిపించేసరికి డుబెమ్ పరుగున వచ్చాడు. నిచ్చెన మీద ఒకమ్మాయి ఆ ముక్కుకి రెండో రంధ్రం దిద్దుతోంది.

"ఏమండీ! ఎవరిదా ముక్కు?"

"ఛైర్మన్ గారిది. ఎన్నికలొస్తున్నాయిగా. పక్కకి జరుగు, మీసం నీ మీద పడుతుంది."

"ఇది నా గోడ! ఇంటాయన ఒప్పుకున్నాడు."

"నాకు ఛైర్మన్ ఆఫీసు ఒప్పుకుంది." అప్పుడు తిరిగి చూసింది. "ఓహో, లండన్ నుంచి దిగిన ఓయిబోవి నువ్వేనా?"

డుబెమ్‌కి ఒళ్ళు మండింది. తాను ఆమెకంటే రెండు పాళ్ళు నలుపు. అయినా తెల్లవాణ్ణి పిలిచినట్టు పిలుస్తుందా!

ఆమె పేరు టోన్‌బారా. లేగోస్‌లో ఈ ముషిన్ పేటంతా లారీల వెనకా, మంగలి షాపుల మీదా బొమ్మలేస్తుంది. అరగంట వాదించుకున్నాక గోడ చెరిసగం చేసుకున్నారు.

సాయంత్రానికి డుబెమ్ సగంలో కిరీటం పెట్టుకున్న ఒక మహారాణి బొమ్మ గీతల్లో తయారైంది.

"ఎవరీవిడ?" అంది టోన్‌బారా.

"ఆఫ్రికా తల్లి."

"ఏ వీధిలో ఉంటుంది?"

"అది ఆర్ట్! ఎలక్షన్ మొహాలేసేదానివి, నీకేం తెలుస్తుంది?"

టోన్‌బారా కుంచె కడుక్కుంటూ నెమ్మదిగా అంది: "నా బొమ్మ అబద్ధమే. ఆ సంగతి నాకూ తెలుసు, ఛైర్మన్‌కీ తెలుసు. నీది అబద్ధమని నీకే తెలీదు."

అంతలో వాన దబదబా మొదలైంది. ఇద్దరూ పరుగెత్తి ఎదురుగా ఉన్న రేకుల పాకలో దూరారు. అక్కడ టోన్‌బారా వాళ్ళమ్మ అలసంద పిండితో అకరా వడలు వేయిస్తోంది.

"పేరేంటి బాబూ?"

"చిడుబెమ్. మా ఇగ్బో భాషలో దేవుడా, నన్ను నడిపించు అని అర్థం."

"ఇక్కడిదాకా నడిపించాడుగా, ఇక తిను" అని నాలుగు వేడివేడివి కాగితంలో పెట్టిచ్చింది.

నాలుక కాలింది. మనసు కాస్త మెత్తబడింది.

"లండన్‌లో 'మీ దేశం ఏది' అని అడుగుతారు. ఇక్కడ ఓయిబో అంటున్నారు" అన్నాడు వాన వైపు చూస్తూ.

"నేను పుట్టింది ఈ వీధిలోనే" అంది టోన్‌బారా. "మావాళ్ళు దూరాన డెల్టా నుంచి వచ్చిన ఇజో తెగవాళ్ళు. ఎన్నికలొస్తే చాలు, 'మీ ఊరెళ్ళి ఓటేసుకోండి' అంటారు. నిన్ను రెండు దేశాలు తోస్తున్నాయి, నన్ను ఒక్కటే. నీదే పెద్ద హోదా!"

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఆమె నవ్వితే ఎడమ కన్ను ముందు మూసుకుంటుందని డుబెమ్ గమనించాడు. ఆ రోజు నుంచి గోడకన్నా ఆ కన్నునే ఎక్కువ చూశాడు.

మర్నాడు మహారాణి మీద తెల్లరంగు పూసేశాడు. ఆ చోట అకరా మూకుడు ముందు కూర్చున్న టోన్‌బారా వాళ్ళమ్మని వేశాడు. వీధిలో ఆడవాళ్ళు వరసగా వచ్చి, "ఆ మోచేతి మీద కాలిన మచ్చ మర్చిపోయావ్" అని ఒకరూ, "నన్నెప్పుడేస్తావ్" అని ఇంకొకరూ మొదలెట్టారు. వారం తిరక్కుండా అయిదుగురు గోడెక్కారు.

అప్పుడు ఛైర్మన్ మనిషి వచ్చాడు.

"గోడంతా మాకే కావాలి. వీళ్ళ మీద సున్నం కొట్టెయ్. లేకపోతే ఈ వార్డులో నీకిక పనుండదు" అన్నాడు టోన్‌బారాతో.

"కొట్టెయ్" అన్నాడు డుబెమ్ గబగబా. "నేను ఇంకో గోడ వెతుక్కుంటాను. నీ పని పోకూడదు."

టోన్‌బారా అతని వంక కోపంగా చూసింది. తర్వాత ఆ మనిషి వైపు తిరిగింది. "అన్నా, అమ్మ మొహం మీద కూతురు సున్నం కొడుతుందా? ఇంకెవర్నైనా చూసుకో."

మర్నాడు పొద్దున్నే ఛైర్మన్ మనిషే సున్నం బకెట్టుతో దిగాడు. అప్పటికే గోడ పొడుగునా స్టూళ్ళు వేసుకుని ఆడవాళ్ళు కూరలు తరుగుతున్నారు. బొమ్మలో ఉన్నవాళ్ళూ, లేనివాళ్ళూ కలిసి ఇరవైమంది.

"లేవండమ్మా."

"ఓట్లడగడానికొచ్చినప్పుడు లేస్తాంలే నాయనా!"

అతను ఇరవై ఓట్లూ లెక్కపెట్టుకుని, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు. టోన్‌బారాకి మాత్రం ఆ నెల ఒక్క ఎన్నికల బొమ్మ పనీ రాలేదు.

డుబెమ్ గురువారం బయల్దేరాలి. లండన్‌లో బడి తెరుస్తారు, అతను డ్రాయింగు మాస్టారు. బుధవారం సాయంత్రం పాక ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఈస్టర్ సెలవులకి మళ్ళీ వస్తాను. టోన్‌బారా గురించి మీతో..."

"వచ్చేటప్పుడు మీ అమ్మానాన్నల్ని తీసుకురా" అందావిడ అట్లకాడ ఆపకుండానే. "ఇలాంటి మాట కుర్రాడొక్కడే వచ్చి అడిగేది కాదు. మిగతాది నాకిష్టమే."

"నన్నింకా అడగందే!" పక్క మంగలి షాపు బోర్డుకి రంగేస్తూ నిచ్చెన మీంచి కేకేసింది టోన్‌బారా.

వీధంతా చెవులు రిక్కించింది. డుబెమ్ గొంతు సవరించుకుని, కాబోయే భార్యకి ఈ మాట తమవాళ్ళ భాషలోనే చెప్పాలని, వచ్చీరాని ఇగ్బోలో చెప్పాడు.

మిరపకాయలమ్మే ఇగ్బో ఆవిడ పకపకా నవ్వింది. "మొదటి సగం బాగుంది బాబూ, రెండోది మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాడు.

"నాకు రెండుసార్లూ అర్థం కాలేదు" అంది టోన్‌బారా. ఎడమ కన్ను అప్పుడే మూసుకుపోతోంది.

"నువ్వంటే నాకు ప్రాణం. నన్ను చేసుకుంటావా?" అన్నాడు, వీధిలో అందరూ మాట్లాడుకునే మాటల్లో.

టోన్‌బారా కుంచె డబ్బాలో పడేసి, "ఇప్పుడర్థమైంది. చేసుకుంటా" అంటూ నిచ్చెన దిగింది.