కంకిపాడులో ఆరు డ్రమ్ములు

ఏలూరు కాలువలో తేలిన శవం ఏజెంట్ లాజరుది. బిగిసిన పిడికిట్లో చిన్న సీసా, అందులో తేనెరంగు ద్రవం. ఆ రోజు 1998 ఫిబ్రవరి తొమ్మిది.

నిఘా విభాగం విజయవాడ ఆఫీసులో చీఫ్ రామతులసి లాబ్ రిపోర్టు ఏజెంట్ తారిక్ ముందుకు తోసింది.

"సుక్రోజ్ ఎస్టర్. పంచదార నుంచి చేసే ఎమల్సిఫైయర్. కూల్‌డ్రింకులో నారింజ నూనె పైకి తేలకుండా కలిపి ఉంచుతుంది. లిప్‌స్టిక్కుల్లోనూ వాడతారు. కంకిపాడు కూల్‌డ్రింకు ఫ్యాక్టరీకి పాతికేసి కిలోల డ్రమ్ములు ఆరు వచ్చాయి. ఒకదాంట్లో విదేశీ ముఠా విషం కలిపింది."

"బ్యాచ్ ఆపేద్దాం మేడమ్."

"ఆపితే ఆ డ్రమ్ము మాయమై ఇంకో ఊళ్లో తేలుతుంది. డ్రమ్ము దొరకాలి, మనిషీ దొరకాలి. ఇవాళ పొద్దున పదకొండు గంటలకి మిక్సింగ్. ఆ సీసాలు రేపు గుణదల తిరునాళ్లలో ఉచితంగా పంచుతారు."

లాజరు తల్లి అమలమ్మ ఏటా ఆ తిరునాళ్లకి మేరీమాత కొండ ఎక్కుతుంది. కొడుకు సంగతి ఆవిడకింకా ఎవరూ చెప్పలేదు.

పదిన్నరకి తారిక్ బాయిలర్ మెకానిక్కు వేషంలో ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఎర్రచీరలో స్టెల్లా ఎదురొచ్చింది. పైకి ఎస్టర్ కంపెనీ ప్రతినిధి, లోపల ముఠాలో మన మనిషి.

"ఎండ అప్పుడే ముదిరిందండీ," అన్నాడు.

"కృష్ణలో నీళ్లున్నాయిగా!" కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నాలుగో డ్రమ్ము. అదొక్కటే తీయించు."

డ్రమ్ములు వేడెక్కుతున్న వేణ్ణీళ్ల తొట్టిలోంచి నాలుగోదాన్ని తారిక్ పక్కకు లాగించాడు. అంతలో ఆపరేటర్ శౌరయ్య ఆరో డ్రమ్ము భుజానికెత్తుకుని ట్యాంకు మెట్లెక్కాడు. దానికి ఎక్కడా తడి లేదు.

"దాన్ని వేడిచెయ్యలేదేం?"

"ఇది బంగారమండీ! మిగతాయి మొండిఘటాలు, గంటసేపు వేణ్ణీళ్లలో కూకోబెడితేగాని కదలవు. ఇదైతే వంచితే చాలు, నీళ్లలా జారిపోద్ది. అందుకే ముందు దీన్నే పోసేత్తన్నా."

తారిక్ ఆ పొడి డ్రమ్ముకేసి చూశాడు. పాకంలాంటి సరుకు చన్నీళ్లలా ఎందుకు జారుతుంది? విషం కలిపేటప్పుడు పల్చన చేశారు కాబట్టి. అంటే స్టెల్లా చూపించింది మంచి డ్రమ్ము.

"ఆపండి శౌరయ్యగారూ!"

వెనక క్లిక్‌మని చప్పుడైంది. స్టెల్లా చేతిలో మూత తీసిన లిప్‌స్టిక్. లోపల రంగు లేదు, సన్నటి తుపాకి గొట్టం ఉంది.

"పొయ్యి శౌరయ్యా," అంది నింపాదిగా. "తారిక్, లాజరు కూడా ఇలాగే అడ్డొచ్చాడు."

శౌరయ్య బెదిరి తుపాకివైపు తిరిగాడు. భుజమ్మీది డ్రమ్ము ట్యాంకు అంచుమీదికి ఒరిగింది.

తారిక్ నాలుగో డ్రమ్మును ఒక్క తన్ను తన్నాడు. మూత ఊడి వేడి పాకం గచ్చంతా పరుచుకుంది. వెనక్కి అడుగెయ్యబోయిన స్టెల్లా హైహీల్స్ అందులో అతుక్కుపోయాయి. ఆమె వెల్లకిలా పడింది, గుండు రేకుల కప్పుకి తగిలింది. తారిక్ రెండంగల్లో మెట్లెక్కి ఆరో డ్రమ్మును నిలబెట్టాడు. అంచున వేలాడిన మొదటి చుక్క ట్యాంకులో పడకుండా అతని చొక్కా చేతిమీద రాలింది.

సరిగ్గా పదకొండు.

బయట కాపు కాసిన పోలీసులు స్టెల్లాని ఉత్తికాళ్లతో జీపెక్కించారు. చొక్కా మార్చుకుని తారిక్ బయల్దేరాడు. అమలమ్మ ఇంటికి వెళ్లాలి, ఏం చెప్పాలో ఇంకా తెలియదు.

గేటు దాకా శౌరయ్య వెంటపడ్డాడు. "దేశాన్ని కాపాడారు, బానే ఉందండీ. ఆ గచ్చు ఎవరు కడగాల? అది నీళ్లకి వదిలే సరుకు కాదు!"