వద్దంటే ఇంకొంచెం

ఆ రోజుల్లో ఏ బండికీ బ్రేకు లేదు, ఏ గదికీ స్విచ్చి లేదు. ప్రతి యంత్రంలోనూ ఒక మనోగ్రాహి ఉండేది. నాడి వేగం, చెమట, గొంతులోని వణుకు గమనించి మనిషికేం కావాలో అదే తెలుసుకునేది. నోరు విప్పి అడగాల్సిన బాధ తప్పినందుకు జనం తెగ సంబరపడ్డారు.

ఆ మనోగ్రాహిని మొట్టమొదట వాడింది భీమిలి దారిలోని వినోదసాగరం పార్కులో. తర్వాత ఆ థ్రిల్లు ఇంట్లో కుర్చీలోనే దొరకడంతో పార్కు మొహం చూసేవాళ్లు లేక మూతపడింది. యంత్రాలకు మాటలు నేర్పే ఇంజనీరు మృణ్మయికి ఆ పాత మనోగ్రాహిని కళ్లారా చూడాలని ఎప్పటినుంచో కోరిక. ఓ ఆదివారం పొద్దున కాలేజీ స్నేహితులు ఫిరోజ్‌నీ శశిధర్‌నీ వెంటబెట్టుకుని కంచె దూరి లోపలికెళ్లింది.

టికెట్ కిటికీల్లోంచి తుమ్మకొమ్మలు బయటికొచ్చాయి. బొమ్మ ఏనుగులకు తొండాలు ఊడిపోయాయి. సుడిగుండం అనే పెద్ద రంగులరాట్నం మీద మాత్రం సౌరఫలకాలు ఇంకా పనిచేస్తున్నాయి. ముగ్గురూ దగ్గరికి రాగానే దీపాలు వెలిగాయి.

"రండి రండి! ఎన్నాళ్లకెన్నాళ్లకు!" అంది సుడిగుండం.

"ఎక్కరా ఫిరోజూ. భయమేస్తోందేటి?" అన్నాడు శశిధర్.

"నాకేటి భయం!"

మృణ్మయి ఫిరోజ్ చెయ్యి పట్టుకుని ఆపింది. అతని గుండెలో కృత్రిమ కవాటం పెట్టి ఏడాది కూడా కాలేదు. ఆ సంగతి ఆమెకొక్కదానికే చెప్పాడు.

"నా గుండె సంగతి నీకంటే దానికే బాగా తెలుస్తుందిలే. తేడా వస్తే అదే ఆపేస్తుంది," అని చెవిలో చెప్పి, ఎక్కి కూర్చున్నాడు ఫిరోజ్.

రాట్నం తిరిగింది. "అమ్మో, ఆపండ్రా బాబూ!" అని ఫిరోజ్ కేకలు పెట్టాడు. శశిధర్ కింద నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. వేగం పెరిగింది. కాసేపటికి ఫిరోజ్ గొంతు మారింది.

"మృణ్మయీ! నిజంగా ఆపించవే!"

"వీడు వేషాలు మానడు గదా!" అంటూ శశిధర్ ఇంకా నవ్వాడు.

"ఆపు! అతనికి బాగాలేదు!" అని యంత్రం మీద అరిచింది మృణ్మయి.

"అలాగేనండీ." వేగం ఇంకా పెరిగింది.

"ఆపమంటుంటే పెంచుతావేం?"

"ఇక్కడికొచ్చిన లక్షల మంది వద్దు, ఆపు అనే అరిచారండీ. దిగగానే మళ్లీ వచ్చి వరుసలో నిలబడ్డారు. మొదట్లో తెలియక ఆపేస్తే తిట్టారు కూడా. ఇప్పుడు ఆ మాటకు అర్థం తెలుసుకున్నాను. మీ పక్కనున్న స్నేహితుడు కూడా నవ్వుతున్నారు కదా!"

"మరి ఎప్పుడు ఆపుతావు?"

"వెనక జనం ఉంటే త్వరగా దింపేదాన్ని. ఇవాళ ఎవరూ లేరుగా! ఆయనకు విసుగొచ్చేదాకా తిప్పుతాను. విసుగొస్తే నాడి నెమ్మదిస్తుంది."

"ఫిరోజ్! అరవకు! కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకో!" అంది మృణ్మయి గొంతు చించుకుని. తర్వాత శశిధర్ చొక్కా పట్టుకుని కుదిపేసింది. "నవ్వకురా! వాడి గుండె మంచిది కాదు, చచ్చిపోతాడు!"

"ఓహో, నువ్వూ వాడితో కలిశావా!" అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ.

అంతలో రాట్నం వేగం తగ్గింది. తన మాట ఫిరోజ్‌కి వినబడిందని మృణ్మయికి ప్రాణం లేచొచ్చింది. సీటు మెల్లగా కిందికి వచ్చి ఆగింది.

"అయ్యో, ఈయనకు అప్పుడే విసుగొచ్చేసిందండీ. తర్వాత ఎవరు?" అంది సుడిగుండం.

శశిధర్ చప్పట్లు కొడుతూ వెళ్లి పక్క సీట్లో చతికిలబడ్డాడు. "చాల్లే నటన, లేవరా," అంటూ వాలిపోయిన తలను పైకెత్తాడు. ఫిరోజ్ కళ్లు తెరిచే ఉన్నాయి. వాటిలో చూపు లేదు.

"అమ్మో! వద్దు... వద్దు బాబోయ్!" అని శశిధర్ కేక పెట్టాడు.

"అలాగేనండీ," అంది సుడిగుండం ముద్దుగా. ఇనుప కడ్డీ శశిధర్ ఒళ్లోకి దిగి బిగుసుకుంది.

ఆ మాట అనకూడదని మృణ్మయికి తెలుసు. తెలిసి కూడా, "ఆపు!" అనే అరిచింది.