ఖిన్‌కి చెప్పని మాట

ఉషశ్రీ వరండాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. కాయలు రత్తమ్మగారి పెరట్లోవి. సాయం చేస్తానని కూర్చున్నది ఆవిడ మనవడు జయంత్.

"కాయలకేసి చూడండి," అంది ఉషశ్రీ. "పుచ్చులన్నీ కూరలోకి వేస్తున్నారు."

భవానీపురం స్కూల్లో ఆమె సోషల్ టీచరు. శరణార్థుల పాఠం కోసం, చిన్నప్పుడు బర్మా నుంచి వచ్చేసిన రత్తమ్మగారిని అడుగుదామని వచ్చింది. ఆవిడ బర్మా సంగతి తప్ప అన్నీ చెప్పింది. అలా నెలరోజులుగా సాయంత్రాలు వస్తూనే ఉంది. రేపే ఆఖరి క్లాసు. సోమవారం నుంచి ఆమెని ఆ స్కూలు గన్నవరం బ్రాంచికి వేశారు. ఆ తర్వాత ఈ ఇంటికి రావడానికి వంకేముంటుంది? జయంత్ దిగులల్లా అదే. అడుగుదామంటే నోరు పెగలదు.

"ఇవాళ పిల్లలచేత బ్యాగులు సర్దించాను. ఉన్నపళంగా దేశం వదిలి పోవాలంటే ఏం తీసుకెళ్తారూ అని. చిప్స్, చార్జరు, క్రికెట్ బ్యాటు!"

"ఎయిర్‌పోర్టుకి బయల్దేరినట్టున్నారు," నవ్వాడు జయంత్.

"నవ్వకండి. నాకే చెప్పడం చేతకాలేదు."

ఎదురుగా బియ్యం చెరుగుతున్న రత్తమ్మగారు చేట పక్కన పెట్టింది.

"బరువు బ్యాగులో ఉండదే అమ్మాయ్. రంగూన్‌లో పక్కింటి బర్మా పిల్ల ఖిన్, నేనూ ఒకే కంచంలో తినేవాళ్ళం. ఇక మమ్మల్ని అక్కడ బతకనివ్వరని తేలిపోయింది. ఎవరికీ చెప్పొద్దన్నాడు నాన్న. వాళ్ళ గుమ్మం ముందునుంచే నడిచాను. ఖిన్ చెయ్యూపింది. గడప దాటేటప్పుడు వెళ్ళొస్తాననేగా అంటాం? ఆ రోజు అనలేదు. అంటే అబద్ధమవుతుంది."

వాన మొదలైంది. ఎవరూ లేవలేదు.

"రేపు ఒక్కొక్కళ్ళనీ పక్కవాడికి మాటైనా చెప్పకుండా బయటికి నడవమను. నేనూ వస్తాలే. వాళ్ళడిగినవన్నీ చెబుతా."

ఉషశ్రీ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీకేంరా?" రత్తమ్మగారు మనవడి వైపు తిరిగింది. "నాకంటే చెప్పే వీల్లేకపోయింది. నిన్నెవరు వద్దన్నారు?"

జయంత్ చెవులు ఎర్రబడ్డాయి. "సోమవారం తర్వాత... పాఠం లేకపోయినా వస్తారా? అంటే... నాకోసం."

ఉషశ్రీ చున్నీకంటిన ఈనెలు దులుపుకుంది. మెట్లు దిగి చెప్పులేసుకుంది.

గేటు దగ్గర ఆగి, అతని కళ్ళలోకి చూసింది.

"వెళ్ళొస్తానండీ," అంది, ప్రతి అక్షరం ఒత్తి పలుకుతూ. తడుస్తూనే వీధిలోకి నడిచింది.

జయంత్ గోడకున్న గొడుగు లాక్కున్నాడు.

"చెప్పి వెళ్ళరా వెధవా!" కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది రత్తమ్మగారు.

అతను అప్పటికే గేటు దాటేశాడు.