నల్లకాళ్ళ పిట్ట

కారు చెరువు గట్టు మీదే ఉంది. మనిషి లేడు.

డ్రైవర్ సీట్లో కెమెరా. నీళ్ళ అంచున ఒక చెప్పు. చూసినవాడెవడైనా కాలు జారి పడ్డాడనే అంటాడు. అన్నారు కూడా. నిన్న సాయంత్రం నుంచి గజ ఈతగాళ్ళు చెరువుని జల్లెడ పడుతున్నారు. ఇంతవరకూ దొరికింది ఒక పాత టైరు.

ఇన్‌స్పెక్టర్‌కి ఒళ్ళు మండుతోంది. ఆవిడకి చేతులు కట్టుకుని నిలబడడం చేతకాదు.

గల్లంతైన మనిషి ఫోటోగ్రాఫర్. రంగురంగుల పిట్టల వెంట తిరుగుతాడని ఊరంతా ఆయన్ని పిట్టలాయన అంటారు. అసలు పేరు పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"మీ అన్న రోజూ ఇక్కడికేనా?"

"రోజూ ఇక్కడికే మేడమ్," అన్నాడు తమ్ముడు. ఇసుక క్వారీలో సూపర్‌వైజరు. ఎర్రబడ్డ కళ్ళు. "ఈ చెరువులో లకుముకి పిట్టల జంట ఒకటుంది. చివరి ఫోటో కూడా దానిదే."

ఇన్‌స్పెక్టర్ కెమెరాలో చూసింది. నిన్న పొద్దున ఆరుంబావుకి తీసిన ఫోటో. ఒకే కొమ్మ మీద రెండు పిట్టలు. ఒకటి నీలంగా ధగధగలాడుతోంది. రెండోది కాస్త వెలిసినట్టుంది. వెనకంతా మసక. చెరువో, మరోటో తెలియదు.

"ఈ ఫోటో ఆయన భార్యకి చూపించారా?"

ఎస్సై నీళ్ళు నమిలాడు. "ఏడుస్తున్న మనిషికి పిట్టల బొమ్మలేంటని..."

ఆ జాలే కొంప ముంచేలా ఉంది. పిట్టలాయన తీసిన ప్రతి ఫోటో మొదట చూసేది ఆ భార్యే. గట్టు మీద రాత్రంతా కూర్చున్న ఆమె చేతికి ఇన్‌స్పెక్టర్ కెమెరా ఇచ్చింది. ఆమె ఫోటోని పెద్దది చేసింది. ఒక్కసారిగా లేచి నిలబడింది. ఇన్‌స్పెక్టర్ చెవిలో గబగబా నాలుగు ముక్కలు చెప్పింది.

రెండు నిమిషాల్లో ఎస్సై జీపు వెళ్ళిపోయింది. వెనకాలే అంబులెన్స్. పారలు కూడా వెళ్ళాయి.

* * *

పిట్టలాయన ఇంటి ముందుగది. తల్లి, భార్య, తమ్ముడు. తలుపు దగ్గర కానిస్టేబుల్.

"మీ అన్న చెరువులో పడలేదు," అంది ఇన్‌స్పెక్టర్.

తమ్ముడు తలెత్తాడు. "మరి ఫోటో?"

"అదే చెప్పింది. నువ్వు జంట అన్నావే, అవి ఆలుమగలు కావు. తల్లీ పిల్లా. ఎదిగిన లకుముకికి కాళ్ళు ఎర్రగా ఉంటాయి. ఈ రెండో పిట్ట కాళ్ళు చూడు. నల్లగా లేవూ?"

"బురద మేడమ్. చెరువు బురద."

"ఉన్నది ఒకే కొమ్మ మీద. తల్లి కాళ్ళకి అంటని బురద పిల్లకే అంటిందా? పోనీ, ముక్కు చివర ఆ తెల్లచుక్క కూడా బురదేనా?"

తమ్ముడు కెమెరాని పక్కకి నెట్టేశాడు.

"గూడు వదిలిన కొద్దిరోజులకే తల్లి పిల్లల్ని తరిమేస్తుంది. ఇంకా తల్లి పక్కనే ఉందంటే గూడు దగ్గర్లోనే ఉండాలి. చెరువు చుట్టూ రాళ్ళు పేర్చిన గట్టు. లకుముకి బొరియ చేసుకోవాలంటే నిలువు మట్టిగోడ కావాలి. ఈ చుట్టుపక్కల అలాంటి గోడ ఎక్కడుంది?"

"క్వారీలో," అంది భార్య. "పిల్లలు ఎగిరిపోయేదాకా గోడ తవ్వొద్దని ఆయన వీణ్ణి బతిమాలారు. వినకపోతే ఆ పిల్లల ఫోటోలే పైఅధికారులకి పంపి తవ్వకం ఆపిస్తానన్నారు."

"నేనేం చెయ్యలేదు! రెండ్రోజులుగా క్వారీకి సెలవు. నిన్న నేను అటే వెళ్ళలేదు!"

"నిన్నెవరూ అడగలేదుగా," అంది ఇన్‌స్పెక్టర్. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాళ్ళని ఆవిడ చాలామందినే చూసింది.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది. ఎస్సై గొంతు.

"మేడమ్, క్వారీ మైలు పొడవుంది. ఎటు చూసినా విరిగిపడ్డ మట్టే. ఎక్కడని తవ్వమంటారు?"

"చెప్పు, ఎక్కడ?" ఇన్‌స్పెక్టర్ తమ్ముడి వైపు వంగింది. "బతికుంటే ఇంకెంతసేపు ఉంటాడో తెలుసా?"

తమ్ముడు గోడవైపు తిరిగాడు. భార్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు తల్లి లేచింది. వచ్చి కొడుకు గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఎక్కడరా?"

వాడు భోరుమన్నాడు. "రేకుల షెడ్డు వెనకాల గొయ్యి. నేను తోశానంతే అమ్మా! గోడ విరిగి మీద పడింది. నడుం దాకా కూరుకుపోయాడు. భయమేసి, ఊడిపడ్డ చెప్పు తీసుకుని కారు చెరువు గట్టుకి తెచ్చేశాను. నేను వచ్చేసేటప్పుడు... నన్ను పిలుస్తూనే ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్లోకి అరిచింది. "షెడ్డు వెనక! పరుగెత్తండి!"

ఫోన్లో పారల చప్పుడు. ఎవరో అరుపు. మళ్ళీ ఎస్సై, ఆయాసపడుతూ.

"ఊపిరుంది మేడమ్! కాళ్ళు నుజ్జయ్యాయి. మనిషి బతికే ఉన్నాడు! ఆస్పత్రికి తీసుకెళ్తున్నాం."

భార్య నేల మీద కూలబడి, మళ్ళీ లేచింది. అత్తగారి చెయ్యి పట్టుకుంది. "పదండత్తయ్యా. ఆస్పత్రికి వెళ్దాం."

తల్లి కదల్లేదు. కానిస్టేబుల్ చిన్నకొడుకు చేతులకి బేడీలు వేస్తుంటే వాడి చొక్కా పట్టుకునే నిలబడింది.

"నువ్వెళ్ళమ్మా," అంది. "వాడికి నువ్వున్నావు. వీడికెవరున్నారు?"

కోడలు ఆమె ముఖంలోకి చూసింది. చెయ్యి వదిలేసింది. చెప్పులైనా తొడుక్కోకుండా వీధిలోకి పరుగెత్తింది.