డబుల్ కాట్

ఆ లాడ్జిలో పై అంతస్తు మూల గదికి మంచి పేరు లేదు. అందులో దిగినవాళ్లు తెల్లారేసరికి ఒకళ్లనొకళ్లు చావగొట్టుకుని బయటికొస్తారని చెప్పుకునేవాళ్లు. తాగి తన్నుకోవడం, దెయ్యం మీదికి నెట్టడం... అని నేనూ నవ్వేవాణ్ణి — లిఫ్టులు బాగుచేసే బావా బావమరుదుల సంగతి వినేదాకా.

ఇది బావమరిది నోట విన్నదే.

బావకి నిద్రలో చెయ్యి లేస్తుంది. మెలకువగా ఉంటే చీమకైనా హాని తలపెట్టడు. పీడకల వచ్చిందా, పక్కన ఎవరున్నారో చూడడు. ఓ రాత్రి పెళ్లాం ముక్కు పగలగొట్టాడు. అప్పట్నుంచీ ఆవిడ వేరే గదిలో పడుకుంటోంది. ఇద్దరూ పనిమీద బయల్దేరుతుంటే తమ్ముణ్ణి పక్కకి పిలిచి, "మీ బావతో ఒకే మంచం మీద మాత్రం పడుకోకురా" అని మరీ మరీ చెప్పింది.

అందుకే బావ ముందే ఫోన్ చేసి రెండు మంచాల గది కావాలన్నాడు. తీరా వెళ్తే, వాళ్లకిచ్చిన ఆ మూల గదిలో ఉన్నది ఒకటే మంచం!

"రెండు మంచాలంటే డబుల్ కాటే కదండీ" అన్నాడు కౌంటర్లో గుమాస్తా.

"డబుల్ కాట్ అంటే ఒకటేనయ్యా మహానుభావా!" అన్నాడు బావ.

"ఇంకో గది ఖాళీ లేదు సార్. అయినా ఎంత పెద్ద మంచమనీ... ముగ్గురు పడుకున్నా ఇరుకుండదు."

నేల మీద పడుకుందామంటే ఏసీ కారి గదంతా తడి. చివరికి బావే తువ్వాలు తీసిచ్చాడు.

"నా చేతులు మంచానికి కట్టెయ్‌రా."

"ఛ, అదేంటి బావా!"

"కట్టెయ్. నీకేమైనా అయితే మీ అక్కకి మొహం చూపించలేను."

బావమరిది తలవైపు కమ్మీకి రెండు చేతులూ బిగించి కట్టి, లైటు తీసేశాడు.

ఎప్పుడు నిద్రపట్టిందో ఏమో... గొంతు మీద రెండు చేతులు!

"బావా... లే..."

మాట పెగల్లేదు. వేళ్లు గొంతులోకి దిగుతున్నాయి. కట్లు తెంపుకున్నాడనుకున్నాడు. ఆ చేతిని కసుక్కున కొరికాడు. మోకాలితో కుమ్మాడు. ఊహూఁ... పట్టు వదల్లేదు. తడుముకుంటే స్టీలు జగ్గు దొరికింది. చీకట్లో పక్కకి తిరిగి బాదాడు. ఏదో విరిగిన చప్పుడు. మళ్లీ బాదాడు — మళ్లీ — వెచ్చటి రక్తం మొహాన చిమ్మేదాకా. అప్పుడు వదిలాయి చేతులు.

లైటు వేశాడు.

బావ మంచం ఆ చివర ఉన్నాడు. ముక్కు నుజ్జయింది. దిండు మీద పళ్లు. చేతులు మాత్రం కమ్మీకి కట్టినవి కట్టినట్టే ఉన్నాయి.

"ఎందుకురా... నన్ను కొట్టావ్?"

"మరి నా గొంతు పిసికింది..."

బావ చూపు మంచం మధ్యకి తిరిగింది. ఇద్దరి మధ్యా పరుపు, మనిషి పడుకున్నంత మేర, లోతుగా నొక్కుకుని ఉంది. చూస్తుండగానే ఆ గుంట... మెల్లగా పైకి లేచింది.

లైటు ఆరిపోయింది.

బావమరిది కేక పెట్టి పరుగు తీశాడు. తలుపు దాటి, మెట్ల దగ్గర బోర్లా పడ్డాక గుర్తొచ్చింది — బావ చేతులు ఇంకా విప్పలేదని.

లోపల జగ్గు మోత మళ్లీ మొదలైంది.