మీటింగు గది టీవీలో ఎవరో తిరుగుతున్నారు

ఆ ఆఫీసులో మీటింగు గదికి మంచి పేరు లేదు. పగలు అందులో కూర్చున్నవాళ్ళకు నిద్రొస్తుంది, అది వేరే సంగతి. చీకటి పడ్డాక మాత్రం గోడకున్న పెద్ద టీవీ దానంతటదే వెలుగుతుందట. అందులో ఒక ఖాళీ ఇల్లు... ఆ ఇంట్లో ఎవరో తిరుగుతారట.

చూసింది అకౌంటెంటు బాబాయి. ఆయన ఒక్కడు చూస్తే ఆఫీసంతా చూసినట్టే. "తలుపు తీసుకుని లోపలికెళ్ళింది తల్లీ... గోడకు గుద్దుకుంది... వెనక్కి తిరిగింది," అని కంప్యూటర్లు చూసే అమ్మాయి చెవిలో ఊదాడు.

ఆమెకు దెయ్యాలను పట్టించుకునే తీరిక లేదు. ఆఫీసు కంప్యూటర్లన్నిటిలో విండోస్ తీసేసి లినక్స్ పెట్టాలని పట్టుబట్టింది తనే. ఇళ్ళ డిజైన్లు చూపించే సాఫ్ట్‌వేరేమో లినక్స్ గడప తొక్కనంది. అందుకని లినక్స్ కంప్యూటర్ లోపలే ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ — వర్చువల్ మెషిన్ — పెట్టి, దాన్ని అందులో కూర్చోబెట్టింది. కూర్చుంది... మళ్ళీ లేవలేదు. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు సాయం లేక, మౌస్‌తో బొమ్మలోని మనిషిని హాలు దాటించేసరికి టీ చల్లారిపోయేది.

ఓనరు ఆమెకు సొంత పెదనాన్న. "రేపు పొద్దున్న ఇల్లు కట్టించుకునేవాళ్ళు వస్తారు. బొమ్మ నడిస్తే సరి. లేదంటే లినక్సూ వద్దు, నువ్వూ వద్దు," అన్నాడు ఎంతో ప్రేమగా.

వారంగా అందరూ వెళ్ళాక ఆమెకు ఇదే పని. కార్డును లోపలి మెషిన్‌కు పూర్తిగా అప్పగించడం... తెర నల్లబడటం... ఆ నల్లటి తెర మీదే మౌస్ తిప్పి, కీలన్నీ నొక్కి, తిట్టి, ఆపేయడం. ఇంటర్నెట్‌లో మహానుభావులు "నాకు పనిచేసింది" అని రాసి పుణ్యం కట్టుకున్నారు. ఎలాగో మాత్రం రాయలేదు.

ఆ రాత్రీ తెర నల్లబడింది. ఉద్యోగం పోయినట్టేనని ఏడుపు తన్నుకొచ్చింది. కసిగా మౌస్‌ను ఎడమకు ఈడ్చింది.

రెండు గదుల మధ్య గుమ్మంలోంచి, లెక్కలు తేలక ఆగిపోయిన బాబాయి గుసగుస — "అమ్మాయ్... ఎడమకు తిరిగింది."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడు?"

"ఆగింది."

మెల్లగా కుడికి జరిపింది.

"కుడికి... నువ్వు చూడకుండానే ఎలా తల్లీ—"

ఆమె టేబుల్ కిందికి దూరింది. కార్డుకున్న ఒకే ఒక్క వైరు... గోడ కన్నంలోంచి మీటింగు గది టీవీకి. మొదటి రోజు నుంచీ అంతా చక్కగానే పనిచేసింది. బొమ్మే పక్కగదికి పోయింది. వారంగా ఆఫీసును వణికించిన దెయ్యం తనే.

పక్కగదికి పరిగెత్తింది. టీవీలో ఇల్లు నిగనిగలాడుతోంది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని పగలబడి నవ్వింది. బాబాయి పక్కనే నిలబడి దేవుళ్ళందరికీ దణ్ణాలు పెడుతున్నాడు. ఆఫీసులో ఇంకెవరూ లేరు.

తెర మీద మెట్ల పక్క తలుపు... నెమ్మదిగా తెరుచుకుంది. ఎవరో లోపలికి నడిచారు. ఈసారి ఎక్కడా గోడకు గుద్దుకోలేదు.

"నువ్వేగా?" అంటూ బాబాయి ఆమె వెనక్కి జరిగాడు.

ఆమె తన ఖాళీ చేతులకేసి చూసుకుంది. మౌస్ ఉన్న పక్కగదిలోకి ఒక్కసారి తొంగిచూస్తే చాలు... చూడలేదు. బాబాయి రెక్క పట్టుకుని బయటికి నడిపించి, తలుపు చప్పుడు కాకుండా వేసింది.

"నడుస్తోందిగా బాబాయ్," అంది గుసగుసగా. "ఎవరు నడుపుతున్నారో రేపు ఆ ఇల్లు కట్టించుకునేవాళ్ళు వెళ్ళాక చూద్దాం."